పార్లమెంటు దాకా వెళ్ళిన బండ

మీరూ ఇల్లూ వాకిలీ ఉన్నవారే కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను. ఇంట్లో చెప్పుకుంటే వినేవాళ్ళు లేరు. 2024లో భోగికి ముందు రోజు సాయంత్రం, వీధి చివర కడుతున్న అపార్టుమెంటుకి ఇసుక తోలే ట్రాక్టరొకటి మా గేటు ముందు సైడు కాలవ మీదున్న నాపరాయి బండ ఎక్కింది. బండ ఫెటేలుమంది. ట్రాక్టరు ఆగలేదు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న ఆ బండ మూడు ముక్కలై, కాలవలోకి జారి, నల్లటి నీళ్ళలో మునిగి, ఒక భారత పౌరుడికీ అతని వీధికీ మధ్యనున్న ఏకైక వారధి నేలమట్టమైపోయింది. ఆ చారిత్రక ఘడియలో నేను అరిసెల పాకం దగ్గర గరిటె పట్టుకుని ఉన్నాను.

అది మామూలు గొయ్యి కాదండీ. మొదట పాలబ్బాయి సైకిలు పడింది. తర్వాత గ్యాసు సిలిండరు, అదీ నిండుది. కనుమ నాడు మా వియ్యంకుడి గారి కుడికాలు మోకాలి దాకా, కొత్త పంచెతో సహా. ఆపైన ఎదురింటి పిన్నిగారి ఎడమ చెప్పు, కొరియరు కుర్రాడి ఫోను, ఎవరిదో బంతి, బంతి కోసం దిగిన ఓ పిల్లవాడు, ఆ పిల్లవాణ్ణి లాగడానికి వంగిన వాళ్ళ తాతగారి పైవరస కట్టుడుపళ్ళు. పళ్ళు దొరికాయి. ఆయన వాటిని మళ్ళీ పెట్టుకున్నారా అని అడిగే ధైర్యం మాత్రం మా వీధిలో ఎవరికీ లేదు.

మున్సిపాలిటీకి ఫిర్యాదు చెయ్యలేదా అంటారా? 33 ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి, ఫిర్యాదు చెయ్యకుండా ఉంటానా? ఆఫీసుకి వెళ్ళాను. సంబంధిత అబ్బాయి ట్రైనింగుకి వెళ్ళాడు. మళ్ళీ వెళ్ళాను. ట్రైనింగు నుంచి వచ్చి సర్వేకి వెళ్ళాడు. ఫోనులో ఫిర్యాదు పెట్టమన్నారు, పెట్టాను, ఓ పదకొండంకెల నంబరిచ్చారు. నాలుగో రోజు ఒక కుర్రాడు వచ్చి నన్ను గొయ్యి పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. సాయంత్రానికి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని మెసేజి వచ్చింది. తెరిచి చూస్తే అదే ఫోటో. గొయ్యి, పక్కన నేను. ఆ రెండింటిలో సమస్య ఏదనుకున్నారో మరి.

ఇక చేసేది లేక మన పూర్వీకులు ప్రసాదించిన రోడ్డు భద్రతా విధానాన్నే ఆశ్రయించాం. వేపకొమ్మ నరికి గోతిలో పాతి, చివర మా ఆవిడ పాత ఎర్ర జాకెట్టు ముక్క కట్టాం. ఫిబ్రవరి నెలాఖరుకి ఆ కొమ్మకి ఎవరో ఒక పార్టీ జెండా కట్టారు. మర్నాటికి రెండో పార్టీ వాళ్ళు దానికి జానెడు పైన తమది కట్టారు. మూడో పార్టీ కుర్రాళ్ళు నిచ్చెన తెచ్చుకున్నారు. ఏ విషయంలోనూ పొసగని పార్టీలన్నీ మా గోతి చుట్టూ ఏకమయ్యాయి. ప్రజాస్వామ్యం పరిఢవిల్లడమంటే ఇదే కాబోలు అనుకుని మురిసిపోయాను. మార్చి 16న ఎన్నికల షెడ్యూలొచ్చింది, కోడ్ అమల్లోకి వచ్చింది. మర్నాడు సిబ్బంది వచ్చారు. జెండాలు ఒక్కొక్కటే విప్పే ఓపిక లేక కొమ్మతో సహా పీక్కుని వ్యానులో పడేసుకుపోయారు. ఆ రాత్రి కరెంటు పోయింది. కొవ్వొత్తుల కోసం కొట్టుకి బయల్దేరినవాణ్ణి నేనే.

కాలికి కట్టుతో అరుగు మీద కూర్చుని, వాన చుక్క కోసం చాతకపక్షి చూసినట్టు అభ్యర్థుల కోసం చూశాను. మా రాష్ట్రంలో అసెంబ్లీకీ పార్లమెంటుకీ రెండు ఎన్నికలూ ఒకే రోజు, మే 13న. ఓటరుకి రెండు ఓట్లు, రెండు మిషన్లు. ఎవరికి చెప్పుకోవాలన్నది ధర్మసంకటం. కౌన్సిలరు గారు చైర్మన్ గారి మీదికి తోశారు, చైర్మన్ గారి మనుషులు ఎమ్మెల్యే గారి మీదికి తోశారు, అక్కడ కోడ్ అన్నారు. గ్రామదేవతలకి మొక్కీ మొక్కీ విసిగినవాడు తిరుపతికి ముడుపు కట్టినట్టు నేను ఏకంగా పార్లమెంటు అభ్యర్థి మీద గురి పెట్టాను. 543 మందిలో ఒకడై దేశాన్ని నడపబోయే మనిషికి బండ ఒక లెక్కా!

అంతలో ఆయన పుస్తకం మా గేట్లో పడింది. ‘మన పట్టణం – నా ప్రాధాన్యాలు’. ఆర్టు పేపరు, 16 పేజీలు. అట్ట మీద ఆయన చెయ్యెత్తి విమానం వైపు చూస్తున్నారు. విమానం వేరే ఊరి వైపు వెళ్తోంది. కళ్ళద్దాలు తుడుచుకుని, ఎర్రసిరా పెన్ను తీసుకుని, పబ్లిక్ పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా చదివాను. మీకూ ఇలాంటివి వచ్చే ఉంటాయి. మీరు వాటిమీద కరివేపాకు ఆరబెట్టుకుని ఉంటారు.

మొదటి ప్రాధాన్యం విమానాశ్రయం. సంతోషమే. కానీ మా ఇంటి నుంచి బస్టాండుకి వెళ్ళాలంటేనే ఆటో అబ్బాయి ముందు నా మొహం, తర్వాత నా సంచి, తర్వాత ఆకాశం చూసి రేటు చెబుతాడు. రెండోది వందే భారత్‌కి మా స్టేషన్లో హాల్టు. ఇప్పుడది మా ఊళ్ళో ఆగకుండా వెళ్తుంది, ఆ ఊపుకి ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ పొట్లాలు లేస్తాయి. ఆగితే పొట్లాలు నిలుస్తాయి, నిజమే. మూడోది ఐటీ టవరు. నాలుగోది పాస్‌పోర్టు ఆఫీసు, అంటే టవరు కట్టేలోపు పిల్లలు వెళ్ళిపోవడానికి వీలుగా. ఐదోది కేంద్రీయ విద్యాలయం. ఒకప్పుడు దాంట్లో ఒక్కో ఎంపీకి పది సీట్లు సిఫారసు చేసే హక్కుండేది, 2022లో తీసేశారు. ఆ సంగతి పుస్తకం రాసిన కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు, ‘మన పిల్లలకి ప్రత్యేక సీట్లు’ అని రాశాడు. ఆరోది రింగు రోడ్డు. మా ఊరు చుట్టూ రింగు తిరగడం మంచిదే. లోపలికి రాకుండా బయటినుంచి బయటికే పోవచ్చు.

ఒక్క రైల్వే గేటు విషయంలో మాత్రం ఆయనకి నూటికి నూరు వేశాను. మా ఊరిని రైలు పట్టాలు నిలువునా చీలుస్తాయి. బడి ఒకవైపు, ఆసుపత్రి మరోవైపు. గేటు పడిందంటే రెండు గూడ్సులు, ఒక ఎక్స్‌ప్రెస్సు, మళ్ళీ ఒక గూడ్సు పోతేగాని లేవదు. అటు అంబులెన్సు, ఇటు పెళ్ళికొడుకు కారు, మధ్యలో జామకాయల బండి, గేటు కింది నుంచి వంగి దూరే మనుషులు, వాళ్ళని తిట్టే గేట్‌మాన్. రైల్వేలు కేంద్రం జాబితాలోవి. పైవంతెన కావాలని పార్లమెంటులో అడగాల్సినవాడు ఎంపీయే. అది ఆయన పని, ఖచ్చితంగా ఆయన పనే. దాన్ని 14వ పేజీలో, తన కులదైవం ఫోటో కింద, ఒకటిన్నర వాక్యంలో రాశారు.

పదహారు పేజీలూ రెండుసార్లు తిరగేశాను. కాలవ లేదు. దోమ లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి ఐదింటికి పోయే కుళాయి లేదు. చీకటి పడ్డాక మా సందు మీద సర్వాధికారాలూ చలాయించే తొమ్మిది కుక్కలు లేవు. కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నేను పుస్తకాలు తీస్తాను. 74వ రాజ్యాంగ సవరణ, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాంతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో పట్టణాల వాళ్ళు చూసుకోవలసిన పనులు 18 ఉన్నాయి. రోడ్లు, మంచినీళ్ళు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు, బందెల దొడ్లు కూడా. అంటే మనిషి పుట్టుక నమోదు నుంచి కాటి దాకా అన్నీ అందులోనే ఉన్నాయి, అవేవీ ఎంపీవి కావు. నా జీవితం మొత్తం మీద ఆయన అధికారం పట్టాల మీద తప్ప ఎక్కడా లేదని నా 68వ ఏట తెలిసింది.

మరి ఎంపీ నిధులు? అదీ చూశాను. పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరులో మొదలుపెట్టారు. 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు. ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన ఫలానా పని చెయ్యండని సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం చేయిస్తుంది. క్యాలెండరు వెనక లెక్క వేశాను. రాష్ట్రంలో నాలుగు కోట్ల పైచిలుకు ఓటర్లు, 25 లోక్‌సభ స్థానాలు, స్థానానికి 16 లక్షల పైమాటే. 5 కోట్లని వాళ్ళందరికీ పంచితే తలకి ఏడాదికి 30 రూపాయలు. ఐదేళ్ళకి 150. నా వాటా, మా ఆవిడ వాటా కలిపి ఐదేళ్ళకి 300. సిమెంటు బస్తా రాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చిన్నదనుకున్న కష్టాన్ని పార్లమెంటు ఎన్నికల నడిబొడ్డున నిలబెట్టినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు. 1996లో నల్లగొండ లోక్‌సభకి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోతున్న ఊళ్ళ నుంచి వచ్చి నామినేషన్లు వేసిన వాళ్ళే ఎక్కువ. బ్యాలెట్టు పత్రం పుస్తకమంత అయ్యి ఎన్నికే వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పట్లో డిపాజిట్టు 500. ఆ ఏడాదే దాన్ని 10,000 చేశారు. 2019లో నిజామాబాదులో 185 మంది, వాళ్ళలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పరచాల్సి వచ్చింది. వాళ్ళడిగిన పసుపు బోర్డు 2025 సంక్రాంతికి వచ్చింది. నల్లగొండ వాళ్ళ నీళ్ళ ముందు నా బండ గురించి మాట్లాడటానికి సిగ్గేసింది. సిగ్గు ఒక పూట ఉంది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, నేనూ నామినేషన్ వేస్తానని ప్రకటించాను. గుర్తు బండ. మా ఆవిడ పప్పులో రాళ్ళు ఏరుతోంది.

“డిపాజిట్టు ఎంతేమిటి?”

“ఇప్పుడు 25,000.”

“తిరిగిస్తారా?”

“పోలైన చెల్లే ఓట్లలో ఆరోవంతు దాటాలి.”

“మన కోడలు మీకు వేస్తుందా?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. “ఆ పాతిక వేలతో మేస్త్రి కూలితో సహా డజను బండలేయించొచ్చు” అని చేట దులిపి లోపలికి వెళ్ళింది. ఆ విధంగా నా పార్లమెంటు జీవితం రాళ్ళూ పప్పూ వేరయ్యేలోపే ముగిసింది.

అభ్యర్థి గారు మా వీధికి వచ్చింది ఏప్రిల్ నెలాఖరులో. ముందు మైకు ఆటో, దాని వెనక డప్పులు, పూలబుట్టలు, నెత్తిమీద తూనీగలాగా డ్రోను, ఎండకి అప్పటికే వాడిపోయిన కార్యకర్తలు. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఉంది. అభ్యర్థులు ఇస్త్రీ బండిని చూస్తే ఆగరని మీరెక్కడైనా విన్నారా? బొగ్గుల పెట్టె అందుకుని పైన కనిపించిన చొక్కా రుద్దడం మొదలుపెట్టారు. ఫోటోగ్రాఫరు “సార్, అలాగే ఉండండి” అన్నాడు. సారు అలాగే ఉన్నారు. పెట్టె కూడా అలాగే ఉంది. డప్పుల హోరులో ఎవరికీ వాసన రాలేదు. ఆ చొక్కా ఇప్పటికీ నా దగ్గరుంది. తెల్ల చొక్కా, జేబు మీద గోధుమరంగులో, మొన దేలిన పెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టుంటుంది. మా మనవడు దాన్ని ఏదో పార్టీ గుర్తనుకున్నాడు.

చొక్కా సంగతి దిగమింగుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన గోతిని లాఘవంగా దాటి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

“నమస్కారం మాస్టారూ, ఆశీర్వదించండి.”

“దీర్ఘాయుష్మాన్ భవ. బాబూ, ఇదుగో ఈ గొయ్యి...”

ఆయన గోతిలోకి చూశారు. ఎంతో సేపు చూశారు. వెనకున్నవాళ్ళూ చూశారు. డ్రోను కూడా కాస్త కిందికి దిగింది. భోగి ముందు రోజు నుంచీ అంత గౌరవం ఆ గోతికి దక్కలేదు.

“మాస్టారూ, ఇది బండ సమస్య కాదు. వ్యవస్థ సమస్య.”

“బండ సమస్యే అనుకుంటున్నాను బాబూ. రెండడుగులు బై మూడడుగులు.”

“పెద్దవారు, మీరే అంత చిన్నగా ఆలోచిస్తే ఎలాగండీ?” అని పక్కవాడితో “రాసుకో” అన్నారు. అతను రాసుకున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. కొంత పూలరేకులు పడటం వల్ల కూడా.

వారం తిరక్కుండా పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. ఏడో పేజీలో కొత్త ప్రాధాన్యం, బాక్సు కట్టి మరీ: ‘కేంద్ర నిధులతో పట్టణ సమగ్ర భూగర్భ మురుగునీటి పారుదల వ్యవస్థ – దశలవారీగా.’ వీధంతా చూపించాను. పిన్నిగారికి చదివి వినిపించాను. మా ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి పేజీ అటూ ఇటూ తిప్పింది.

“ఇందులో మన బండేదీ?”

“అంతర్లీనంగా ఉంది.”

“కాలవలో ఉన్నట్టే” అంది.

ఆయన గెలిచారా ఓడారా అన్నది ఈ వ్యాసానికి అనవసరం. గెలిచినవారి పుస్తకంలోనూ ఓడినవారి పుస్తకంలోనూ ఆ వాక్యం ఉంది. జూన్ 4న లెక్కింపు అయింది, బాణసంచా కాగితాలన్నీ మా కాలవలో పడ్డాయి, కోడ్ ఎత్తేశారు. కాలి కట్టు విప్పించుకుని నేరుగా ఆఫీసుకి వెళ్ళాను. సంబంధిత అబ్బాయి ఈసారి కుర్చీలో ఉన్నాడు! మర్యాదస్తుడు, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

“మీ బండ గురించేనా మాస్టారూ? శాంక్షన్ అయిపోయేదేనండీ. కానీ ఇప్పుడు యూజీడీ, అదేనండీ భూగర్భ డ్రైనేజీ, వస్తోంది కదా. రేపు తవ్వేసే కాలవ మీద ఇవాళ బండేస్తే ఆడిట్లో అబ్జెక్షన్ పెడతారు.”

“యూజీడీ ఎప్పుడొస్తుంది నాయనా?”

“డీపీఆర్, అంటే ప్రాజెక్టు రిపోర్టు, అవ్వాలండీ.”

“అదెప్పుడు?”

“కన్సల్టెంటు రావాలి. దానికి టెండరు పిలవాలి. టెండరు పిలవడానికి పైనుంచి లెటరు రావాలి.”

“ఎవరి లెటరు?”

“ఎంపీ గారిదండీ.”

గ్లాసు కింద పెట్టేశాను. మీరే చెప్పండి. ఒక తాపీమేస్త్రి, ఒక కూలీ, ఒక పూట పని. సమస్యగా ఉన్నన్నాళ్ళూ దానికో ఆశ ఉండేది. ప్రాధాన్యం అయిన క్షణం నుంచీ దాని ముందు ఢిల్లీ ఉంది, కన్సల్టెంటు ఉన్నాడు, టెండరు ఉంది, ఆడిట్ ఉంది, దశలున్నాయి. దాన్ని అంతవాణ్ణి చేసింది ఎవరో కాదు. వార్డులో దొర్లాల్సిన రాయిని పార్లమెంటు మెట్లెక్కించాలని కంకణం కట్టుకున్న గణిత పండితుణ్ణి నేనే. ఆ మాట మా ఆవిడ అనకముందే అనేసుకుంటే మంచిదని ఇక్కడ రాస్తున్నాను.

ఇంటికొచ్చేసరికి గేటు ముందు ఇద్దరు కూలీలు పలుగులతో ఏదో దొర్లిస్తున్నారు. మా పెరట్లో నూతి పక్కనుండే బట్టలుతికే బండ. మా అమ్మ కాపురానికి వచ్చిన్నాటిది. వాషింగు మెషీను కొన్నప్పటి నుంచీ దానిమీద కాకులు తప్ప ఎవరూ ఉతకడం లేదు. ఐదు నెలలూ అది మా ఇంట్లోనే, గోతికి ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. మా ఆవిడ ఇద్దరికీ చెరో 200, ఒక్కో గ్లాసు మజ్జిగ ఇచ్చి దాన్ని గోతి మీద పడేయించింది. కేంద్ర నిధులేవీ వాడలేదు.

గొయ్యి పూర్తిగా మూసుకుంది. కాకపోతే ఆ బండ నాపరాయి కన్నా జానెడు ఎత్తు, పైగా ఒకవైపు ఏటవాలు. పాలబ్బాయికి అలవాటైంది, వియ్యంకుడి గారు ఇంకా రావడం లేదు. మీరెప్పుడైనా మా వీధికి వస్తే, మూడో గేటు దగ్గర కాస్త ఎడమకి జరిగి నడవండి. చీకటి పడ్డాకైతే టార్చి తెచ్చుకోండి.